ఇంటి చెట్టు కింది గడ్డి

ఇప్పుడు జహీరాబాద్‌లో ఏ బండి మీదైనా ‘మందుల్లేని మామిడి’ అన్న అట్టముక్క కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదేదో నిన్న మొన్న కనిపెట్టినట్టు! మా నాయినను మందు ఎందుకు కొట్టవని అడిగితే, ఎందుకు కొట్టాలి అని ఎదురడిగేవాడు. చెట్టుకు ఎరువు గొర్రెలిస్తాయి, గొర్రెలకు గడ్డి తోట ఇస్తుంది, ఆ గడ్డి మీద విషం పడకూడదు. ఆయన సేద్యమంతా ఇంతే. దానికి పేరేమీ లేదు.

చిరాగ్‌పల్లి పోయే పెద్ద రోడ్డుకు ఆనుకుని ఎర్రమట్టిలో ఉండేది మా తోట. మృగశిర కార్తెలో మిరుగు వానలు పడగానే చెట్ల చుట్టూ పాదులు తవ్వేవాళ్లం. వానాకాలమంతా కలుపు తీయడం, చలికాలంలో నీళ్లు ఆపేసి పూత కోసం ఎదురుచూడటం. కాయలు కాసిన నా అరచేతులు చూసి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, అమ్మకు రాలేదు.

జొన్న కోతలయ్యాక మొగుడంపల్లి వైపు నుంచి ఒక ముసలి కాపరి గొర్రెల మందను తోలుకొచ్చేవాడు. పగలు మేపేవాడు, రాత్రి చెట్ల మధ్య తడకలు కట్టి మందను నిలిపేవాడు. ఇవాళ ఈ వరుస, రేపు ఆ వరుస. అలా తోటంతా తిరిగేసరికి నేలకు ఏడాదికి సరిపడా బలం. మళ్లీ మిరుగుకు తిరిగి పోతూ మా తోట దగ్గర ఆగేవాడు. నాయిన ఒక గంప పండ్లు ఇచ్చేవాడు. ఊరి కాపరి కాకపోయినా నాయిన ఆయన్ని మామా అనే పిలిచేవాడు.

మా దిక్కున తోటలను పూత మీదే గుత్తకు ఇస్తారు. ఒకసారి ఇచ్చామంటే చివరి కాయ దింపేదాకా ఆ చెట్ల మీద మనకు మాట ఉండదు. ఒక్క చెట్టు మాత్రం వదిలేస్తారు. అది ఇంటి చెట్టు, ఇంటివాళ్లు తినడానికి. గుత్తేదారు దాన్ని ముట్టడు. ముడితే నలుగురిలో తల ఎత్తుకోలేడు. నాయిన ఏనాడూ తోటను గుత్తకివ్వలేదు. కానీ ఆ ఏడు ఎండుకొమ్మ నరుకుతూ చెట్టు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఆయనతో పట్నం దవాఖానలో ఉండిపోయింది, నేను ఇంట్లో తమ్ముళ్లను చూసుకుంటూ ఉండిపోయాను. పూత విరగబూసింది. కావలి ఎవరు కాస్తారని పెద్దనాయిన తోటను గుత్తకిచ్చేశాడు.

నాయిన కర్ర పట్టుకుని తిరిగొచ్చేసరికి తోటలో మందు వాసన గుప్పుమంటోంది.

“నన్నొక్క మాట అడగొద్దా అన్నా?” అన్నాడు.

“పూతకు పురుగు బట్టింది. గుత్తేదారు కొట్టుకోడా మరి? పైసలు పెట్టినోడు జూస్తూ కూసుంటడా?” అన్నాడు పెద్దనాయిన.

అన్న ఇచ్చిన మాటైనా సరే, వెనక్కి తీసుకునే మనిషి కాదు నాయిన. మర్నాడే మంద వచ్చింది. నాయిన కుంటుకుంటూ గేటు దాకా ఎదురెళ్లాడు.

“మామా, చెట్లకు మందు గొట్టిన్రు. ఆ దిక్కు జీవాలను పోనియ్యకు. ఇంటి చెట్టు కింద మేపు. అది మనది, దాన్ని ఎవ్వరు ముట్టరు.”

ఇంటి చెట్టు బావి పక్కనే ఉండేది. కాలువ నీళ్లు పారి దాని కింద ఎప్పుడూ పచ్చగడ్డే. కాపరి సగం మందను అక్కడికి తోలాడు. సగాన్ని రోడ్డు అవతల బీట్లో ఉంచాడు. కాసేపటికి ఒక గొర్రెపిల్ల కాళ్లు మడతపడి కూలింది. తర్వాత దాని తల్లి. నోట్లోంచి నురగ. కాపరి వాటి మధ్య పరుగెత్తుతూ ఒక్కోదాన్ని లేపి నిలబెడుతున్నాడు, అవి పడిపోతున్నాయి. విషానికి విరుగుడని నేను చింతపండు పులుసు పిసికి తెచ్చేసరికి తాగించడానికి మిగిలినవి తక్కువ.

గుత్తేదారు కాయ చూసుకోవడానికి వచ్చి ఇదంతా చూసి నెత్తి పట్టుకున్నాడు. “పటేలా, నువ్వు దవాఖానల పడి ఉన్నవ్, నీ చెట్టు ఆగమైతదని దానికి గూడ నేనే కొట్టిపిచ్చిన. మీరొచ్చే ముందు నాడే. నా ఖర్చేలే అనుకున్న.”

అతని మీద అరవాలని నా గొంతు దాకా వచ్చింది. ఏమని అరవను? మంచికే కొట్టించాడట. ఆ మంచితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. నాయిన కూలబడి, నష్టానికి ఏదో ఒకటి తీసుకోమని కాపరి చేతులు పట్టుకున్నాడు. ముసలాయన చేతులు విడిపించుకున్నాడు.

“నువ్వు చెప్తెనే గద పటేలా, ఈడ మేపిన” అన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. బతికినవాటిని తోలుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు నాయిన తోటను ఎవరికీ ఇవ్వలేదు. చుక్క మందు పడనివ్వలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకునే పాదులకు పెంట ఎరువు మోయించాడు. జొన్న కోతలైపోయాయి, మంద రాలేదు. చెట్ల కింద గడ్డి మోకాలెత్తు పెరిగి ఎండిపోయింది. ఎవరినీ మేపుకోమని పిలవలేదు నాయిన. మిరుగుకైనా ఆ దారినే పోవాలి కదా అని ఇంటి చెట్టు పండ్లు ఏరి గంపలో పెట్టుకుని రోజూ రోడ్డు మీద నిలబడేవాడు.

చివరికి ఒక పొద్దున మంద వచ్చింది.

“మామా, ఈసారి ఏ మందు కొట్టలే. నా పిల్లల మీద ఒట్టు” అన్నాడు నాయిన.

“సల్లగుండు పటేలా” అని కాపరి గంపను రెండు చేతులా అందుకున్నాడు. నాయిన మొహం విప్పారింది. ఏడాది తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను.

కాస్త దూరం పోయాక కాపరి గంపను రోడ్డు పక్కన దించాడు. గొర్రెలు వాసన పట్టి అటు తిరిగాయి. ఆయన కర్ర అడ్డం పెట్టి, అరుస్తూ, ఒక్కదాన్ని కూడా గంప దగ్గరికి పోనివ్వకుండా మందను దాటించుకుపోయాడు.

నాయిన వెళ్లి గంప పక్కన కూర్చున్నాడు. ఒక పండు తీసి తొక్కతో సహా తిన్నాడు. నేను పిలిచినా లేవలేదు.

ఆ చలికాలం పూత రాగానే నాయినే గుత్తేదారుకు కబురు పంపాడు. ఇంటి చెట్టును కూడా కలిపి ఇచ్చేశాడు.