బొంబాయి అనుకుని ఎక్కిన రైలు

వెన్న కాగేటప్పుడు మొదట పచ్చి వాసన వస్తుంది. నురగ అణిగాక కమ్మటి వాసన మొదలై, అడుగున గోకుడు ఎర్రబడే వేళకు గుమ్మం దాటి మెట్ల దాకా పాకుతుంది. తూంకుంటలో మేముండే అపార్ట్‌మెంట్‌లో మొన్న ఆదివారం పై అంతస్తు నుంచి ఆ వాసన దిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా పిల్లలిద్దరూ సోఫాలో చెరో మూల పడి, ఫోన్లు పట్టుకుని, వేసవి సెలవులకు ముంబై పోదామా చెన్నై పోదామా అని పోట్లాడుకుంటున్నారు. ఏదో ఒకటి నువ్వే తేల్చమ్మా అని చివరికి నా మీదికి వచ్చారు. నేను లేచి వెళ్లి కిటికీ మూశాను. నెయ్యి వాసనా ఆ రెండు ఊళ్ల పేర్లూ ఒక్కసారే మీద పడితే నాకు ఇప్పటికీ మా అవ్వే గుర్తొస్తుంది.

మా చిన్నప్పుడు మేము మేడ్చల్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందు నాగపూర్ లారీలు పోయే రోడ్డు, వెనక బర్రెల కొట్టం, కొట్టం దాటితే శామీర్‌పేట దిక్కుగా ఎంత చూసినా ద్రాక్ష తోటలు. ఎండలు ముదిరే వేళకు తోటల్లో కోతలు అయిపోయి, రాలి కుళ్లిన పండ్ల పుల్లటి వాసన గాలిలో వస్తూ ఉండేది. పగలంతా వేపచెట్టు నీడన కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. ఈతపండ్లు తిని గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకునేవాళ్లం. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి నులక మంచాలు వాల్చాక, వాటి మీద పడుకునే హక్కు కోసం నేనూ మా అన్నా కొట్టుకునేవాళ్లం. ఏ మంచం మీద ఎవరు పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరం అవ్వ మంచం మీదే తేలేవాళ్లం.

అవ్వ అంటే మా బాపు తల్లి. బజారులో సల్ల అమ్మేది. పొద్దున్నే కవ్వం పెట్టి చిలికి, తలమీద చుట్టకుదురు, దాని మీద కుండ పెట్టుకుని, 'సల్లో సల్ల' అని ఆమె వేసే కేక బస్టాండు దాకా వినిపించేది. ఎవరికి పోసినా కొలత మీద ఇంకో గరిటె కొసరు పోసేది. ఎవరైనా సల్ల పులిసిందన్నారా, 'నీ నోరే పులిసింది, పోయి పండ్లు తోముకో' అని వాళ్ల గిన్నెలోది మళ్లీ కుండలో ఒంపుకునేది. ఊరంతా ఆమెకు భయపడేది, ఒక్క మా బాపు తప్ప. మా బాపుకే ఆమె భయపడేది. పెద్ద కొడుకు, ఇంటి బరువు మోస్తున్నవాడు, కోపిష్టి.

ఆమెకు చిన్న కొడుకు ఉన్నాడు. మల్లేశ్ కాక. బొంబాయిలో బిల్డింగులకు రంగులు వేసేవాడు. మా తాత పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందింది. కాక వచ్చేసరికి దహనం అయిపోయింది. వాకిట్లో అంతమంది ముందు బాపు అతని చెయ్యి పట్టుకుని గడప బయటికి నెట్టి, 'నాయిన లేడు, నువ్వు గూడ లేవు మాకు' అన్నాడు. కాక దినానికి కూడా ఆగలేదు, వచ్చిన సంచితోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో అతని పేరు ఎత్తిన వాళ్లు లేరు. అవ్వ మాత్రం పండగ పూట ఒక విస్తరి ఎక్కువ కుట్టేది. ఎవరికని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఒక ఏడు చలికాలంలో అవ్వ సల్ల గిన్నెల బయట పోయడం మొదలుపెట్టింది. బాపు ఆమెను పట్నంలో కంటి డాక్టరుకు చూపించాడు. నీటికాసులు ముదిరిపోయాయనీ, నరం ఎండిపోతోందనీ, చుక్కల మందు వేసినా దసరా దాటి చూపు నిలిస్తే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక బాపు అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలుపుతూ, 'అమ్మా, సూపు ఉన్నప్పుడే ఏదన్న పెద్ద పట్నం సూపిస్త నీకు. పోరగాల్లకు సెలవులియ్యంగనే పోదాం' అన్నాడు.

అవ్వ తల ఊపింది. ఆమెకు తెలిసిన పెద్ద పట్నం ఒక్కటే ఉంది.

బాపు ఏమో బొంబాయా మద్రాసా అని రెండు పేర్లు చెప్పి మమ్మల్ని తేల్చుకోమన్నాడు. ఇంక మా ఇల్లు సంతయింది. నాకు బొంబాయే కావాలి, సినిమా వాళ్లు అక్కడ రోడ్ల మీద తిరుగుతుంటారని మా బడిలో చెప్పుకునేవాళ్లు. అన్నకు మద్రాసు కావాలి, అక్కడ మొసళ్లనూ పాములనూ పెంచే తోట ఉందట. సుద్దముక్కతో వాకిట్లో రెండు పెద్ద గళ్లు గీసి, ఒకటి బొంబాయి ఒకటి మద్రాసు అని, కుంటుకుంటూ వెళ్లి ఎవరు ముందు కాలు పెడితే వాళ్ల ఊరు గెలిచినట్టు ఆడేవాళ్లం. అవ్వ అరుగు మీద కూర్చుని, నేను గెలిచినప్పుడల్లా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఆట ఆమెకు ఆట కాదని అప్పుడు నాకేం తెలుసు.

మా ఆటలతో తేలే సంగతి కాదు అది. కొత్త కాలనీలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఉండేది, రోజూ మా దగ్గరే సల్ల పోయించుకునేది. ఒకనాడు అవ్వ బజారుకు పోయిన వేళ ఆవిడ మాట సాయంగా, 'మద్రాసే వెళ్లండి బాబూ, మా పెదనాన్నగారింట్లో మేడ మీద గది ఖాళీగానే ఉంది, పెద్దావిడకి ఇబ్బంది ఉండదు' అంది. బాపు ఆ మాటను గబుక్కున అందుకున్నాడు. పెద్దోడు గూడ మద్రాసే అంటున్నడు గదా అని అన్న మీద పెట్టి, మర్నాడే సికింద్రాబాదు వెళ్లి టికెట్లు తెచ్చాడు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ప్రయాణం ఖాయమయ్యాక ఊరి పేరు నోటితో అనకూడదు. బయల్దేరేవాళ్లను ఎక్కడికని అసలే అడగకూడదు. అడిగితే చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చి, కూర్చుని నీళ్లు తాగి, ఇంకోసారి బయల్దేరాలి. మా తాత ఒకసారి ఎవరో అలా అడిగారని సొంత మరదలి పెళ్లికే పోకుండా ఇంట్లో కూర్చున్నాడట. ఈ పట్టింపుల్లో అందరికన్నా గట్టిది అవ్వ. అందుకే బాపు వచ్చి 'టికెట్లు దొరికినయ్' అన్నప్పుడు ఆమె చేతులు రెండూ కళ్లకద్దుకుంది గానీ ఎక్కడికని అడగలేదు. బాపు చెప్పలేదు.

ఆ వారం అంతా అవ్వ వెన్న అమ్మలేదు. కూడబెట్టి, కాచి, స్టీలు డబ్బా నిండా నెయ్యి పోసింది. మే నెల ఎండలో, పండగా పబ్బమూ లేకుండా, పిండి పట్టించి సకినాలు చుట్టింది. చూపు ఆనక వంకర పోయిన వాటిని విరిచి మళ్లీ చుట్టేది. పొయ్యి దగ్గర అమ్మతో, 'పెద్దోడే తీస్కపోతా అన్నడు సూడు. ఇగ వాని కోపం సల్లారినట్టే. మల్లిగాడు నెయ్యి లేంది ముద్ద ముట్టడు' అనడం నేను విన్నాను. అమ్మ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. ఆ సాయంత్రం కొట్టంలో బాపుకు ఆ సంగతి చెప్పింది. బాపు బర్రెకు గడ్డి వేస్తూనే, 'రైలెక్కినంక నేనే చెప్త తీ' అన్నాడు.

రైలెక్కాక చెప్పలేదు. అవ్వ కిటికీ పక్కన నెయ్యి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాన్ని బెర్తు కింద పెడతానంటే ఇవ్వలేదు. తెల్లవారి మద్రాసులో దిగాం. ఆ గుంపు, ఆ ఉక్క, మల్లెపూల వాసన, అర్థం కాని మాటలు. నేనూ అన్నా నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. అవ్వ మాత్రం ప్లాట్‌ఫారం మీద ఒక్కో మనిషి ముఖానికి దగ్గరగా తన ముఖం పెట్టి చూస్తోంది. సన్నటి మనిషి ఎవరైనా కనబడితే భుజం మీద చెయ్యి వేస్తోంది. వాళ్లు విదిలించుకుని పోతున్నారు.

'మల్లిగానికి కబురు చెయ్యలే? రాలే?' అని అడిగింది.

బాపు సామాన్ల వైపు చూస్తూ, 'అమ్మా, గిది మద్రాసు' అన్నాడు.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె డబ్బా పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది. కాసేపటికి అమ్మ లేవదీస్తే లేచింది. అప్పటికే కళ్లు మూసుకుంది.

మేమున్నన్ని రోజులూ తెరవలేదు. మొసళ్ల తోటలో అన్న చెయ్యి పట్టుకుని నడిచింది, బట్టల బజారులో నా చెయ్యి పట్టుకుని నడిచింది. సముద్రం ఒడ్డుకు తీసుకెళితే అలలు చీర అంచు తడుపుతున్నా రెప్పలు బిగించుకునే నిలబడింది. బాపు బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నేను చూడటం అదే మొదలు.

'జర కండ్లు తెర్వే అమ్మా. గింత దూరమొచ్చినం.'

'ఉన్నదే జరంత సూపు,' అంది అవ్వ. 'గీ నీల్ల మీద ఒడగొట్టుకుంటే రేపు వాన్ని దేంతోని సూడాలె? నేను దాసుకుంట.'

మేడ్చల్‌కు తిరిగొచ్చాక ఆమె తాత పాత ధోవతి చింపి కళ్లకు కట్టుకుంది. నిజంగానే దాచుకోవడం మొదలుపెట్టింది. డబ్బాలో నెయ్యిలాగే, తీయకపోతే ఉంటుందని ఆమె నమ్మకం. కట్టు కట్టుకున్నా పోయేది పోతుందని డాక్టరు చెప్పాడని బాపు ఎన్నిసార్లు చెప్పినా, 'డాక్టర్‌కేమెరుక' అనేది. తడుముకుంటూ చిలికేది. బజారుకు పోవడం మానేసింది. బోనాలకు అమ్మ బోనమెత్తితే డప్పు చప్పుడు విని దండం పెట్టింది తప్ప కట్టు విప్పలేదు. చుక్కల మందు వేసేటప్పుడు కూడా దీపం తీసెయ్యమనేది. బడి నుంచి వచ్చి నేను కొత్త గౌను చూపించబోతే, చేత్తో తడిమి, మంచిగుంది బిడ్డా అనేది. నాకు కోపం వచ్చేది. మమ్మల్ని చూడటానికి ఒక్క చుక్క చూపు కూడా ఖర్చు పెట్టదా అని లోపల్లోపల ఏడ్చేదాన్ని.

బాపు ఆ వానాకాలమంతా నలిగిపోయాడు. బొంబాయి వెళ్లే రంగుల మేస్త్రీలతో కబురు పంపాడు. కాక పాత తావు వదిలేశాడని వాళ్లు తిరిగొచ్చి చెప్పారు. దసరా దాటాక తాను పనిచేసే ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, తానే బొంబాయి పోయి, వీధులన్నీ గాలించి తమ్ముణ్ణి వెంట తెచ్చాడు. ఇంటి దాకా తీసుకొచ్చి, తాను మాత్రం లోపలికి రాలేదు. వాకిట్లో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కాక వచ్చి అవ్వ ముందు కూర్చుని 'అమ్మా' అన్నాడు. ఆమె కట్టు ముడి విప్పబోతే బిగుసుకుపోయి రాలేదు, నేనే విప్పాను. ఇన్ని నెలలకు ఆమె కళ్లు చూశాను. రెప్పలు తెరుచుకున్నాయి. ముఖం కాక వైపు తిప్పుకుంది. ఆ తర్వాత, 'కనవడ్డవురా కొడుకా. మంచిగ కనవడ్డవు' అంది.

వాకిట్లో బాపు బావురుమన్నాడు.

కాక మంచినీళ్లకని లేచి కుండ దగ్గరికి వెళ్లాడు. అవ్వ ఇంకా అతను లేచిన చోటికే చూస్తూ, ఖాళీ చాప వైపు నవ్వుతూ, సన్నగైనవురా అంటోంది. కాక గ్లాసుతో ఆగిపోయాడు. నేను నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టుకుని ఆపాడు. చప్పుడు చేయకుండా వచ్చి, ఆమె ఎక్కడ చూస్తోందో సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. ఆమె బతికినన్నాళ్లూ రోజూ ఆమె ముఖం ఎటు తిరిగి ఉంటే అటే వచ్చి కూర్చునేవాడు.

ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. కొట్టం ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. ద్రాక్ష తోటల్లో ఒక్క తీగ మిగల్లేదు, అన్నీ వెంచర్లే. సల్ల ఇప్పుడు ప్యాకెట్లలో వస్తుంది. ప్రయాణమంటే ఊరి పేరు దాచేవాళ్లు లేరు, ముందు ఫోన్లో పెట్టి తర్వాత బట్టలు సర్దుకుంటున్నారు. ఆ ఆచారం పోయినందుకు నాకు రవ్వంత కూడా దిగులు లేదు. బాపు కూడా పోయాడు. పోయేదాకా ఇంటికి వచ్చిన ప్రతివాడితోనూ, ఎంత చెడ్డా మా అమ్మ నా తమ్ముణ్ణి కళ్లారా చూసుకుంది అని చెప్పుకున్నాడు.

కాక ఇప్పుడు మచ్చ బొల్లారంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. మొన్న వెళ్లినప్పుడు అడిగాను, అవ్వ ఎందుకు అట్లా అబద్ధమాడింది, నువ్వెందుకు నా నోరు మూయించావని.

కాక నా వైపు వింతగా చూశాడు.

'మీ బాపు వాకిట్ల నిలవడి ఇంటుండె గద బిడ్డా' అన్నాడు.