నూట ఎనభై గారి సోమవారాలు

ఆసుపత్రి మెట్ల కింది గదిలో ఆయన ఇరవై రెండేళ్లుగా జనం నెత్తురు తీస్తున్నారు. అంత నెత్తురు తీసి కూడా శత్రువులు లేని మనిషి ఆ వీధిలో ఆయనొక్కరే. తోటి ఉద్యోగులు ఆయన్ని ‘నూట ఎనభై గారు’ అనేవారు. అది ఆయన కొలెస్టరాల్.

ఈ బిరుదు వెనక ఒక శాస్త్రీయమైన కథ ఉంది. కొలిచే యంత్రం నిజం చెబుతోందో లేదో చూడడానికి, ముందే అంకె తేల్చి సీసాలో మూసిన సీరం, అంటే నెత్తుటి తేట, అమ్ముతారు. దాన్ని యంత్రానికి పెడితే సీసా మీది అంకే రావాలి. ఆ సీసాలు మాటిమాటికీ అయిపోయేవి, అడిగితే వచ్చేవి కావు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, ఏడేళ్ల కిందట, ఆఖరి సీసాతో సరిచూసిన యంత్రం తనకు నూట ఎనభై అన్న రోజున, ఆయన సీసా స్థానంలో తన్ను తాను నియమించుకున్నారు. ప్రతి సోమవారం పరగడుపున సొంత చేతికే సూది గుచ్చుకుని ఆ నెత్తురు యంత్రానికి పెట్టేవారు. నూట ఎనభై వస్తే యంత్రం కులాసాగా ఉన్నట్టు. ఎక్కువ చూపిస్తే దానికి ఒంట్లో బాగాలేనట్టు. అప్పుడు లోపల ఫ్యాక్టర్ అనే అంకెను కాస్త తగ్గించేవారు. అది తగ్గితే అందరి ఫలితాలూ ఆ మేరకు తగ్గుతాయి. ఆయనది నూట ఎనభైకి దిగి వచ్చేది.

ఏడేళ్లలో యంత్రం చాలాసార్లు జబ్బు పడింది. ఆయన ఒక్కసారీ పడలేదు.

చివరికి దాని గొట్టమేదో పూడుకుపోయి మెకానిక్ వచ్చాడు. వెంట తెచ్చిన సీసా మీద రెండు వందలని ఉంది. యంత్రం నూట నలభై నాలుగంది.

“ఫ్యాక్టర్ ఇంత కిందికి ఎవరు దించారు సార్?”

“ఊరికే ఎక్కువ చూపించేదయ్యా. నేనే సరిచేస్తూ వచ్చాను.”

“దేన్ని బట్టి?”

“నన్ను బట్టి.”

మెకానిక్ ఆయన్ని తల నుంచి కిందికి చూస్తూ వచ్చి, పొట్ట దగ్గర కాసేపు ఆగాడు. “ఏడేళ్లలో మీరేమీ మారలేదా సార్?”

ఫ్యాక్టర్ సరిచేసి ఆయన నెత్తురే మళ్లీ పెట్టారు. రెండు వందల యాభై.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. గుర్తొచ్చింది తన గుండె కాదు, బావ గుండె. అక్క మొగుడు, దర్జీ. రెండు నెలల కిందట మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వచ్చాడు. నూట తొంభై అని తేలితే “రాయిలా ఉన్నావు బావా, అది గ్యాసు” అని పంపించేశారు. ఇప్పుడు లెక్క చూస్తే అది రెండు వందల అరవై నాలుగు. ఆ అంకే రోగం కాదనీ, రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటోందేమో చూసుకోమని చేసే హెచ్చరిక అనీ ఆయనకు బాగా తెలుసు. ఆ హెచ్చరిక నోటి మీద దిండు పెట్టి నొక్కింది తానేనని మాత్రం ఇప్పుడే తెలిసింది.

పెద్ద డాక్టరుగారు అంతా విని, ఏడేళ్ల రిజిస్టర్లు ఆయన ముందు వేయించి, “వీళ్లందర్నీ మళ్లీ పరీక్షకు పిలవండి” అన్నారు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. ఆ రోజంతా ఫోన్లు చేశారు. కొందరు సరేనన్నారు. ఒకాయన “అప్పుడు బాగుందన్నారుగా, అలాగే ఉండనివ్వండి” అని పెట్టేశాడు.

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ బావ కొట్టుకు వెళ్లారు.

“బావా, నీ రిపోర్టు తప్పు. రెండు వందల అరవై పైనే ఉంటుంది.”

బావ కుట్టు ఆపలేదు. “మరి గ్యాసన్నావు?”

“అదీ తప్పే.”

“మీ అక్క రెండు నెలలు దగ్గరుండి ఆ గ్యాసు మాత్రలు మింగించిందయ్యా.” మిషను ఆగింది. “ఎలా జరిగింది?”

చెప్పారు. బావ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు. “నేనూ కొలతల మీదే బతుకుతున్నాను బావమరిదీ. నా నడుం లావెక్కిందని టేపు సాగదీసుకోలేదు.”

“రేపు గుండె డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“నాలుగు జాకెట్లు ఇవ్వాలి.”

“నేను చెప్పుకుంటాను వాళ్లకి.”

“వద్దులే. నువ్వు చెప్పింది చాలు.”

అయినా మర్నాడు వచ్చాడు. దారి మధ్యలో రెండుసార్లు ఆగి, గోడలకున్న ప్రకటనలు చదువుతున్నట్టు నటించాడు.

“ఆయాసం ఎక్కువైందెప్పట్నుంచి?” అన్నాడు గుండె డాక్టరు.

“రిపోర్టు బాగా వచ్చిన దగ్గర్నుంచీ అండి.”

డాక్టరు పరీక్షలు చేసి, గుండెకు వెళ్లే నాళంలో అడ్డున్నట్టుంది, ఈరోజే చేరాలన్నాడు. ఇంకో నెల ఆగి ఉంటే అని మొదలుపెట్టి, పూర్తి చేయలేదు. బావను చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. చొక్కా, చెప్పులు ఆయన చేతిలో మిగిలాయి.

నర్సు కాగితం తెచ్చింది. “పేషెంటుకు మీరేమవుతారు?”

“బావమరిదిని.”

సంతకం పెట్టారు. పెట్టాక కూడా కదల్లేదు.

“అమ్మా, నాకూ ఒక చీటీ రాయండి.”

“మీకేం బాధండీ?”

“ఏ బాధా లేదమ్మా. ఏడేళ్లుగా లేదు. అదే భయంగా ఉంది.”