నీటి అంచున అప్పన్న రాయి

అప్పన్న తాత చావు కబురు మొదట మోసుకొచ్చింది చేపలమ్మే నూకాలమ్మ. గుమ్మంలో గంప దించి, "సువార్తా, మీ తాత ఎల్లిపోనాడే," అంది. గంపలోంచి ఏటి చేపల నీచు వాసన గుప్పున కొట్టింది. ఆయన చేతుల వాసన అదే.

నేను బడికి వెళ్లలేదు. బైబిలు ముందుపెట్టి అక్షరాలు నేర్పింది అమ్మ. నాగావళి ఏటిని చదవడం నేర్పింది మాత్రం పక్కింటి అప్పన్న తాత. అందుకు ఈనాటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. కోడి ఈకను దారంతో గాలానికి చుట్టి, పురుగు వాలినట్టు నీటిమీద ఆడించేవాడు. నేను గట్టిగా విసిరితే, "ఒసే, సేపకి కూడెడతన్నావా, రాయెట్టి కొడతన్నావా?" అని నవ్వేవాడు.

ఏట్లో దిగేముందు నీటి అంచున ఒక నల్లరాయి పెట్టి, పొయ్యిమీద గంజి పెట్టేవాడు. గంజి కాగేలోగా రాయి మునిగితే పైన కొండల్లో వాన పడిందని లెక్క. ఆ రోజు ఇక దిగడు.

నాలుగేళ్ల కిందట పట్నంవాళ్లు మా ఏట్లో రబ్బరు పడవల షికారు పెట్టారు. పడవ నడపడం తాత పని, వంట నాది. ఒక ఉదయం పడవెక్కడానికి వచ్చిన ఆరుగురు సెల్ఫీలు దిగుతుండగానే రాయి మునిగింది. తాత తెడ్డు కింద పెట్టేశాడు.

"ఎండ కాస్తుంటే వరదేంటి? రాయిని చూసి బుకింగులు ఆపమంటావా?" అన్నాడు మేనేజరు.

"బాబూ, ఎండ మన నెత్తిమీదే. కొండమీద ఏటున్నాదో ఏరు సెప్తన్నాది. ఇను."

వినలేదు. తానే తెడ్డు పట్టాడు. రెండో మలుపులో పడవ బోల్తా కొట్టింది. డెబ్బై ఏళ్ల తాత ఒడ్డు వెంట పరిగెత్తి, నీళ్లలోకి దూకి, మేనేజరుతో సహా ఏడుగురినీ ఒడ్డుకు లాగాడు. మోకాలు చితికి రక్తం కారుతుంటే, "సూత్తావేటే? ఆళ్లకి టీ ఎట్టు," అని నన్నే కసిరాడు.

మర్నాడు పేపర్లో మేనేజరు ఫొటో, అతని ధైర్యం! పడవలో గాలి సరిగా నింపలేదని నింద వేసి తాతను పనిలోంచి తీసేశారు. విలేకరి వచ్చినప్పుడు టీ పళ్లెం పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదని అమ్మ నేర్పింది. నిజాన్ని మింగడమూ అదేనని తెలియనట్టు నిలబడ్డాను. ఆ మోకాలితో తాత మళ్లీ ఏట్లో దిగలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు అదే రాయికి సున్నం కొట్టి, 'మా భద్రతా పద్ధతి' అని బోర్డు పెట్టారు. ఎంత సిగ్గులేనితనం! ఆ పద్ధతి ఎవరిదో చెప్పడానికి ఒక్కరికీ నోరు రాదు. అందుకే, ఆలస్యంగానైనా, నేను చెబుతున్నాను.

ఈ రోజుకీ గంజి కాగుతుంటే నా చూపు ఏటి అంచుకే పోతుంది. మీరెప్పుడైనా మా ఏటికి వచ్చి, ఆ తెల్లరాయి పక్కన ఫొటో దిగితే, దయచేసి ఒక్క మనిషిని తలుచుకోండి. అది అప్పన్న రాయి.