ఫస్టు షిఫ్టు అన్న ఒక్క మాట

యాభై రెండేళ్లు వచ్చాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే మూడేళ్ల కింద జరిగిన ఈ సంగతి ఇప్పటిదాకా రాయలేకపోయాను.

మాది గోదావరిఖని. అప్పుడే రాత్రిబడికి పోవడం మొదలుపెట్టాను. ఇకనైనా నా బుద్ధితో నేను బతుకుతానని ఆశ. మా అమ్మాయి సుజాత ఒక శిక్షణ కేంద్రంలో సి అనే కంప్యూటర్ భాష చెబుతుంది. "ఒక్కసారి నా క్లాసు సూడవే అమ్మా" అని వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

ఆ రోజు పాఠం మాక్రో. ఎవరికీ అర్థం కాలేదు. సుజాత నవ్వుతూ అంది: "మా బాపు బొగ్గుబాయిల పనిచేస్తడు. రేపు ఫస్టు షిఫ్టు అంటడు, అంతే. అమ్మ నాలుగింటికి లేస్తది, వండుతది, సద్ది కడ్తది. ఆ ఒక్క మాట ఉన్నకాడ ఈ పనులన్నీ వచ్చి కూసుంటయి. మాక్రో అంటే గదే."

అందరికీ అర్థమైంది. నేనూ మురిసిపోయాను.

ముందు వరుసలోని అమ్మాయి అడిగింది. "మరి మాక్రో ఆలోచిస్తదా మేడం?"

"ఆలోచించదు. రాసిపెట్టింది రాసినట్టు దించుతది."

అంటూనే నన్ను చూసి సుజాత ఆగిపోయింది. అందరూ వెనక్కి తిరిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిన్ను అనలేదే అమ్మా" అంది దారిలో.

"తప్పేం చెప్పినవ్ బిడ్డా? ముప్పై ఏండ్ల సంది నేను గంతే."

ఆ రాత్రి ఆయన "రేపు ఫస్టు షిఫ్టు" అన్నాడు. లేవనే లేవనని పంతం పట్టి పడుకున్నాను.

మరునాడు తెల్లవారుజామున ఆ పంతం గుర్తొచ్చేసరికి, సద్ది డబ్బాకు మూత పెడుతున్నాను.