తాడు పట్టని ఖైరున్

మొన్న మా బిడ్డ ఫోన్‌లో వీడియో పంపింది. హుస్సేన్ సాగర్‌లో పడవల పందెం. డ్రాగన్ తల ఉన్న పొడవాటి పడవ, వాళ్ళ ఆఫీసు పిల్లలంతా తెడ్లు వేస్తున్నారు, ముందు ఒకామె వాళ్ళ వైపు తిరిగి కూర్చుని డప్పు కొడుతోంది. ఆ డప్పు వినగానే నా ముక్కుకు తాండూరు బండల దుమ్ము వాసన తగిలింది. దాని వెంటే పాత కోపమూ లేచింది.

డెబ్బైలలో మా తాండూరులో చలికాలమంటే ఇంటింటా పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడికే వాసన, బండలు కోసే మిషన్ల రొద, బడికి పోయే దారిలో లారీలకు షాబాద్ బండలెత్తే హమాలీలు. వాళ్ళలో ఒకాయన బండ ముట్టేవాడే కాదు. పక్కన నిలబడి ‘జోర్ లగాకే’ అని పిలిచేవాడు, మిగతావాళ్ళు ‘హైసా’ అంటూ ఒక్కసారే లేపేవాళ్ళు. చాయ్ వస్తే మొదటి కప్పు ఆయనకే. ఊరికే నిలబడ్డావని ఏ హమాలీ అనగా నేను వినలేదు.

ఆయన మా తరగతి ఖైరున్ వాళ్ళ నాన్న. మేము ఆడపిల్లలం బడిలో తాడు గుంజే ఆట మొదలుపెట్టి, తలా ఒక్కో క్షణంలో గుంజి, ఒకరి మీద ఒకరం పడి నవ్వుకుంటుంటే, చీపురుపుల్లంత ఖైరున్ పక్కకొచ్చి నిలబడి నాన్నలాగే పిలిచింది. ఆ రోజు నుంచి మా చేతులు మాట వినడం నేర్చాయి. ఎవరి బలం వాళ్ళు చూపించుకోవడం మాని ఆ గొంతు కోసం ఆగేవాళ్ళం, అది రాగానే అందరం కలిసి వెనక్కి ఒరిగేవాళ్ళం. బషీరాబాద్ పిల్లలను అట్లాగే ఓడించాం.

తర్వాత వికారాబాద్‌లో పోటీలు. రైలెక్కడం ఖైరున్‌కు అదే మొదటిసారి అయ్యేది. డ్రిల్ సార్ ఆమెను తీసేసి ఒక లావుపాటి పిల్లను చేర్చాడు.

“గీమె తాడే ముట్టది. ఉత్తగ ఒర్రెటందుకు వికారాబాద్ దాక ఎందుకు?” అన్నాడు.

“ఖైరున్ లేకుంటె మాతోని కాదు సార్,” అని ఎంత బతిమాలినా వినలేదు.

అయినా ఖైరున్ స్టేషన్‌కు వచ్చింది. పీర్ల పండుగకు వాళ్ళమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసిన మలీదను డబ్బా నిండా తెచ్చి మా చేతిలో పెట్టింది.

వికారాబాద్ మైదానంలో మళ్ళీ తలా ఒక్కో క్షణంలో గుంజాం. అరచేతుల తోలు లేచిపోయింది, తాడు జారిపోయింది. అప్పుడు ఆ సార్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, మీలో ఐకమత్యం లేదని అందరి ముందూ తిట్టాడు. మమ్మల్ని కలిపి ఉంచిన పిల్లను తానే ఇంట్లో కూర్చోబెట్టి, కలిసి లేరని మమ్మల్నే తిట్టడమా? తలుచుకుంటే ఈ వయసులోనూ నా ఒళ్ళు మండుతుంది.

తిరిగొచ్చేసరికి ఖైరున్ స్టేషన్‌లోనే ఉంది. “‘జోర్ లగాకే’ అని ఎవరు పిలిచిన్రే?” అని అడిగింది. ఎవ్వరూ పిలవలేదన్నాం. ఖాళీ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత తాడు దగ్గరికి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు తాండూరులో బండలను క్రేన్లు ఎత్తుతున్నాయి. ‘హైసా’ వినపడదు. వీడియో చూశాక ఉండబట్టలేక బిడ్డకు ఫోన్ చేశాను.

“ఆ డప్పు కొట్టినామె తెడ్డేసిందా?”

“లేదమ్మా. ఆమె తెడ్డు ముట్టది. అయినా మాతోని సమానంగ ఆమెకు గూడ మెడల్ ఇచ్చిన్రు. ఆమె లేకుంటె పడవ ఎట్ల కదులుతది?”

ఆ మాట ఖైరున్ వినాల్సింది.