మలీదా డబ్బాలో ఒండ్రు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, వాటి గురించి కళ్లు పెద్దవి చేసి చెప్పేవాళ్లంటే నాకు రోత. చింతచెట్టు మీద ఆడమనిషి, కాళ్లు వెనక్కి తిరిగిన మనిషి, ఇవన్నీ పని లేనివాళ్ల నోటి దురద అని నా అభిప్రాయం. అది ఇప్పటికీ మారలేదు. కింద రాస్తున్నది మాత్రం నా చేతుల్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మేము దూదేకులవాళ్లం. నరసరావుపేటలో పరుపులు కుట్టేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా మా వీధి చివరి గ్రంథాలయంలోనే. దూది నుసి దులుపుకొని సాయంత్రం అక్కడికి పోతే, దీపాలు ఆర్పేదాకా కదిలేవాణ్ణి కాదు. చరిత్ర, భూగోళం, రసాయన శాస్త్రం, ఏది దొరికితే అది చదివాను. డిగ్రీ చేసిన కుర్రవాళ్లు కూడా నా దగ్గరికి వచ్చి సందేహాలు అడిగేవాళ్లు. గొప్ప కోసం చెప్పడం లేదు. నేను కంగారుపడి ఏదో ఊహించుకునే రకం కాదని తెలియడానికి చెబుతున్నాను.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం. వినుకొండ నుంచి మా అమ్మాయి పిల్లలు సెలవులకు వచ్చారు. రజియాకు పదేళ్లు, బాషాకు ఏడు. ఇంట్లో కూర్చోబెట్టి ఏం చేయిస్తాం? నాగార్జునకొండకు తీసుకుపోదామని నేనే అన్నాను. చుట్టూ నీళ్లు, నడుమ ద్వీపం, దాని మీద మ్యూజియం. ఆ ద్వీపం గురించి దొరికిన పుస్తకాలన్నీ వారం రోజులు తిరగేశాను. బస్సు వేళలు, లాంచీ వేళలు, ఏ శిల్పం దగ్గర ఏం చెప్పాలి, ఎక్కడ కూర్చుని అన్నం తినాలి, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను.

మా ఆవిడ కాశింబీకి ఈ ప్రయాణం వేరే పని. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. డ్యాం కట్టినప్పుడు ఊరు మునిగింది. మనుషులు లేచి వచ్చారు, గోరీలు అక్కడే ఉండిపోయాయి. అందులో ఆమె తల్లి గోరీ ఒకటి. మా వాళ్లలో చనిపోయినవాళ్ల పేరున ఏడాదికోసారి మలీదా చేసి ఫాతెహా ప్రార్థన చదివిస్తారు. గోధుమ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపితే మలీదా. చదవడం అయ్యేదాకా దాన్ని ఎవరూ నోట పెట్టకూడదు. ఎంగిలి పడితే ఇక అది పనికిరాదు. నీళ్లు వచ్చినప్పటి నుంచి తల్లి దగ్గర కూర్చుని ఫాతెహా ఇవ్వలేకపోయానన్నది ఆమె దిగులు.

"లాంచీలో మా ఊరి మీదుగా పోయేటప్పుడు చదివించుకుందాం. పిల్లకాయల్ని కూడా మా అమ్మకు చూపిచ్చినట్టుంటది" అంది.

"నీళ్లకు చూపిస్తావా? పిల్లలకు మ్యూజియం చూపించడానికి పోతున్నాం, ఈ పిచ్చి నేర్పడానికి కాదు" అన్నాను.

ప్రయాణం రోజు ఆమె తెల్లవారుజామునే లేచి మలీదా చేసి, క్లిప్పు ఉన్న స్టీలు డబ్బాలో పెట్టింది. పులిహోర, పెరుగన్నం వేరే క్యారేజీలో సర్దింది.

దాచేపల్లి దగ్గర సున్నపురాయి దుమ్ము బస్సు నిండా కమ్మింది. మాచర్లలో దిగేసరికి తొమ్మిది. బస్టాండు చెప్పుకోదగ్గదిగా లేదు. గోడ పొడుగునా ఉచ్చ కంపు, కుళ్లిన మామిడి టెంకల మీద ఈగలు. ఆ కంపులో నిలబడి, ఊదొత్తులు కొంగుకు ముడేసుకున్న మా ఆవిడను చూసేసరికి నాకు ఒళ్లు మండింది. లాంచీలో పదిమంది ముందు పొగ పెట్టి కూర్చుంటుంది. చదువుకున్నవాళ్లు ఉంటారు. నవ్వుతారు.

ఆమె పిల్లలకు నీళ్లు తేవడానికి పోయింది. నేను డబ్బా క్లిప్పు తీశాను. ఒక ముద్ద నా నోట్లో వేసుకున్నాను. పిల్లలిద్దరికీ చెరో ముద్ద పెట్టాను. ఆకలై కాదు. ఎంగిలి చేస్తే గొడవ వదులుతుందని, తెలిసే చేశాను.

ఆమె వచ్చి బాషా మూతి చూసింది. నా చేతిలోని డబ్బా చూసింది.

"ఏందయ్యా ఇది?"

"పిల్లలు ఆకలన్నారు."

"నేను అన్లేదు అమ్మమ్మా, తాతే పెట్టాడు" అంది రజియా.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మా అమ్మ నోటికాడ కూడు తిన్నావు" అని ఒక్క మాట అంది. 

ఇక్కడి నుంచి జరిగినవి జాగ్రత్తగా చెబుతాను. డబ్బా మూత నేనే పెట్టాను. క్లిప్పు నేనే నొక్కాను. గుడ్డ సంచిలో వేసి నా ఒడిలో పెట్టుకున్నాను. రేవుకు పోయే బస్సులో అది నా ఒడిలోనే ఉంది. లాంచీలో కూడా అంతే. మా ఆవిడ నాకు దూరంగా, పిల్లలతో కమ్మీ దగ్గర కూర్చుంది.

ఎండాకాలం కాబట్టి నీళ్లు లోపలికి పోయాయి. రేవు దగ్గర ఒడ్డంతా నల్లటి బురద, పొట్ట ఉబ్బిన చేపలు. ముక్కు మూసుకుని ఎక్కాం. లాంచీ నీళ్ల నడిమికి వచ్చాక కాశింబీ లాంచీ మనిషిని అడిగింది.

"నాయనా, మునిగిన ఊళ్లు యాడుంటయ్యి?"

"అంతా ఇదేనమ్మా. ఏ ఊరు మీది?"

ఆమె ఊరి పేరు చెప్పింది. అతను చేయి చాపి, "ఇప్పుడు దాని మీదే పోతన్నాం" అన్నాడు. అతను సరదాకు అన్నాడో, నిజంగా తెలిసి అన్నాడో నాకు తెలియదు. ఆమె నీళ్లలోకి చూసింది, తర్వాత నా ఒడిలోని సంచి వైపు చూసింది, మళ్లీ నీళ్లలోకి చూసింది. అంతే.

ద్వీపం మీద సంచి భుజాన వేసుకునే, నా నోటుబుక్కు ప్రకారం అన్నీ చూపించాను. పన్నెండున్నరకు ఒడ్డుకు దగ్గరలో ఒక చెట్టు నీడన కూర్చున్నాం. క్యారేజీ విప్పి పులిహోర తిన్నాం. బాషా మలీదా కావాలన్నాడు. సంచిలోంచి డబ్బా తీశాను. సంచి పొడిగా ఉంది. క్లిప్పు నొక్కినది నొక్కినట్టే ఉంది. ఒక్కటే తేడా, ఆ ఎండలో డబ్బా కుండలో నీళ్లలా చల్లగా తగిలింది.

మూత తీశాను.

లోపల నిండా బురద. అంచుల దాకా నల్లటి ఒండ్రు, పైన జిగట నీళ్లు తేలుతున్నాయి. కుళ్లిన నాచు, చచ్చిన చేప, ఏళ్ల తరబడి గాలి తగలని బావి అడుగు, అన్నీ కలిసిన కంపు గుప్పున కొట్టింది. అందులో మూడు చిన్న నత్తలు. ఒకటి కదులుతోంది. రొట్టె ముక్క లేదు, బెల్లం లేదు. తొమ్మిదింటికి ఆ డబ్బాలోదే నేను తిన్నానన్న సంగతి గుర్తొచ్చింది. పక్కకు పోయి భళ్లున కక్కుకున్నాను. పిల్లలకు మాత్రం ఏమీ కాలేదు.

వెనక్కి వచ్చేసరికి కాశింబీ డబ్బా దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. ఆమెకు అసహ్యం వేయలేదు. వేళ్లతో ఆ బురద తీసి అరచేతిలో నలిపింది. వాసన చూసింది. నేను వద్దు వద్దంటుండగానే చిటికెడు నాలుక మీద పెట్టుకుంది. 

"మా చేలో రేగడే" అంది. "మా అమ్మ తినేసింది. తిని, డబ్బా ఉత్తగా పంపకూడదని ఇది పెట్టింది."

మా వైపు ఎవరింటి నుంచైనా గిన్నె వస్తే, ఖాళీగా తిరిగి పంపరు. ఉప్పుకల్లైనా వేసి పంపుతారు.

ఆమె ఊదొత్తులు వెలిగించి ఒడ్డు ఇసుకలో గుచ్చింది. పిల్లలిద్దరినీ చెరోపక్కన కూర్చోబెట్టుకుంది. నా వైపు తిరిగి, "చదువు" అంది.

నాకు రాదు. చిన్నప్పుడు నేర్చుకున్నది ఎప్పుడో మర్చిపోయాను.

"ఊళ్లో పుస్తకాలన్నీ చదివినోడివి, ఇంత ముక్క రాదా నీకు?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగా ఆశ్చర్యపోయి. తర్వాత తనకు వచ్చిన నాలుగు ముక్కలు తనే చదువుకుంది. చివర తెలుగులో, "అమ్మా, ఇది రజియా, ఈడు బాషా. నీ మనవరాలి పిల్లలు" అని చెప్పింది. ఒండ్రు నీళ్లలో కలిపి డబ్బా కడుక్కుంది.

ఆ తర్వాత నాకు తోచినవన్నీ ఆలోచించాను. ఎవరో డబ్బా మార్చారా? మూత మీద మా ఆవిడ పేరు చెక్కి ఉంది. సంచిని నా ఒంటి మీద నుంచి దించలేదు. నేను పరుపులవాణ్ణి, అరకిలో దూదిని చేత్తో ఎత్తి తూకం చెప్పగలను. మలీదా ఉన్న డబ్బా బురద డబ్బా అయితే నాకు బరువు తెలియదా? ఎండకు చెడిపోయిందా? తిండి ఎలా కుళ్లుతుందో చదివాను. మలీదా చెడితే పుల్లబడుతుంది, బూజు పడుతుంది. నత్తలు పుట్టవు. గ్రంథాలయంలో నాకు జవాబు దొరకలేదు. దయ్యం అని ఒప్పుకోవడం కూడా నావల్ల కాదు.

మరుసటి ఎండాకాలం కాశింబీ నన్ను అడగకుండానే ప్రయాణం పెట్టుకుంది. నేనూ వస్తానన్నాను.

"రా. డబ్బా మాత్రం నేను పట్టుకుంటా" అంది.

ఆ ఏడు లాంచీ నీళ్ల నడిమికి వచ్చాక, పదిమంది చూస్తుండగా ఆమె మూత తీసింది. మలీదా మలీదాలాగే ఉంది. నెయ్యి వాసన కమ్మగా వచ్చింది. చదవడం అయ్యాక పక్కవాళ్లకు కూడా పంచింది, అందరూ బాగుందని తిన్నారు. నాకూ ఒక ముద్ద పెట్టింది. దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను, రేవు వచ్చేదాకా నోటి దగ్గరికి తీసుకుపోలేకపోయాను.