నెమళ్ల పతకం ఉడికించిన రోజు

బంగారాన్ని ఉడకబెట్టిన మగాడు ఈ అరకులోయలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మామూలు బంగారం కూడా కాదు, మా ఆవిడ అమ్మమ్మగారి నెమళ్ల పతకం. రాళ్ల విషయంలో నాకున్న అనుభవమంతా నా కిడ్నీలో తయారైనవాటితోనే. వాటికి నీళ్లు ఎంత పడితే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. అదే వైద్యం కెంపులకీ పనికొస్తుందనుకున్నాను.

ఆ పతకం అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు నెమళ్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, మధ్యలో తామరపువ్వు, కింద వేలాడే మామిడి పిందె. ఒళ్లంతా కెంపులు, కంటికి ఒక్కో పచ్చ. ఎదురుబొదురు నెమళ్లంటే ఆలుమగలనీ, పిందె అంటే పిల్లలనీ అమ్మమ్మగారు మనవరాళ్లకు చెప్పేవారట. తామర ఎందుకని అడిగితే, "మధ్యన ఏదోటి ఉండాలి కదే, లేపోతే కొట్టుకుంటాయి" అనేవారట.

మనవరాళ్లు ఇద్దరు, మా వదినగారూ మా ఆవిడా. పతకం ఒక్కటే. ఎవరింట శుభకార్యమైతే వాళ్ల మెడలో ఉండి, మళ్లీ రెండోవారి వంతు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఆ వంతుల్లో మా ఇంటికి వచ్చిన రోజుల్లో మా ఆవిడ శుక్రవారం పూట దాన్ని పెట్టెలోంచి తీసి, వేసుకోకుండా, కిటికీ దగ్గర కాసేపు చూసుకుని మళ్లీ పెట్టేసేది. పుట్టింటి తాలూకు ఇంకేమీ ఆమె దగ్గర లేదు.

వదినగారింట గృహప్రవేశం వచ్చింది. మా తోడల్లుడు ఫోన్ చేశాడు. వయసులో పెద్దవాడు, అన్నయ్యా అని పిలుస్తాను. తొమ్మిది రాళ్ల ఉంగరం పెట్టుకుంటాడు కనక తొమ్మిది గ్రహాలూ తన చెప్పుచేతల్లో ఉన్నాయని ఆయన నమ్మకం.

"ఫొటోలవాణ్ణి పెట్టాం తమ్ముడూ. ఆ పతకం మకిలి పట్టి ఉంటాది. కుంకుడు నీళ్లలో పడేసి, కాస్త మెరిపించి తే."

కుంకుళ్లకు కొదవేముంది? కొండ మీది ఊరి నుంచి మాకు కూరలు తెచ్చే ముసలమ్మ ఉంది. ముక్కుకి మూడు పుడకలు, మెడలో బరువైన వెండి కంటె. సంతకు వెళ్లే ముందు ఆ కంటెను చింతపండూ బూడిదా వేసి ఉడికించి తోముతుంది, పాదరసంలా మెరుస్తుంది. అది నేను కళ్లారా చూశాను. ఆమెనడిగి దోసెడు కుంకుడుకాయలు తీసుకున్నాను. మా ఆవిడ జాకెట్టు కోసం టైలరు దగ్గరకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని పాలగిన్నెలో నీళ్లు పోసి, కుంకుళ్లు వేసి, పతకం వేసి, స్టవ్ వెలిగించాను. నురగ బాగా వచ్చింది.

బయటికి తీస్తే బంగారం నిజంగానే మెరిసింది. కెంపులు మాత్రం ఎండిపోయిన దానిమ్మ గింజల్లా ఉన్నాయి. పచ్చలు నల్లగా తిరిగాయి. ఒక కెంపు గిన్నె అడుగున ఉంది. తడి ఆరితే రంగొస్తుందేమోనని ఫ్యాన్ కింద పెట్టి, పక్కనే కాపలా కూర్చున్నాను.

మా ఆవిడ వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఏటండీ, వీటి కళ్లు మూసీసేరు" అంది, అంతే. గిన్నె కడిగి బోర్లించింది.

మర్నాడు ముసలమ్మకి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, రాళ్ల సొమ్ము సంగతి తనకేటి తెలుసంది. "మా రాళ్లు కొండలోనే ఉన్నాయి బాబూ. మెడకెందుకు?" అంది.

శృంగవరపుకోటలో పాతకాలపు కంసాలి ఒకాయన ఉన్నాడని విని ఇద్దరం రైలెక్కాం. బొర్రా దాటాక సొరంగాలు ఒకదాని వెనక ఒకటి. చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ పెట్టె మూత తీసి చూశాను, ఈసారైనా రంగొచ్చిందేమోనని. మా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కంసాలి భూతద్దం పెట్టుకుని చెప్పాడు. పాత పనిలో రాయి వెనక మూసేస్తారు. అడుగున పల్చటి రేకు, చుట్టూ లక్క. వెలుగు ఆ రేకు మీద పడి తిరిగొస్తేనే రాయికి ఆ ఎరుపు. వేడికి లక్క కరిగింది, నీళ్లు దూరాయి, రేకు నల్లబడింది.

"రాయికేం కాలేదు బాబూ. దాని వెనకున్న వెలుగే పోయింది."

మళ్లీ పెట్టలేరా అని మా ఆవిడ అడిగింది. ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు, వేళ్లు వణుకుతున్నాయి. ఊడిన కెంపును మాత్రం ఎలాగో అతికించి ఇచ్చాడు. ఆయన కొడుకు కొట్లో కొత్త నగలకు నల్లరంగు పూసి, పాతవాటిలా చేసి అమ్ముతున్నాడు. పాతదాన్ని కొత్తగా చేయబోయిన నేను ఆ కొట్లో ఎక్కువసేపు నిలబడలేకపోయాను. పోనీ రాళ్ల వెనక తెరిచి పెడితే బాగుపడుతుందా అని అడిగాను. "గ్రహాల ఉంగరాలకి అలాగే పెడతాం, రాయి ఒంటికి తగలాలి కదా. వాటికి నీళ్లన్నా భయం లేదు. ఇవి మాత్రం తెరిస్తే పాలిపోతాయి" అన్నాడు.

గృహప్రవేశం రోజు వదినగారు పతకం చేతిలోకి తీసుకుని, చెల్లెలి మొహం చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టేశారు. మామూలు గొలుసు వేసుకున్నారు. "ఇంక నీ దగ్గరే ఉంచుకోవే" అన్నారు. ఆ పతకం పూర్తిగా తనదవ్వాలని మా ఆవిడ ఎన్నేళ్లుగా అనుకుందో నాకు తెలుసు. ఇలా అవ్వాలని కాదు.

మా తోడల్లుడు మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. "రాళ్ల సొమ్ము ఎవడైనా ఉడకబెడతాడేటి? మా తమ్ముడు పెట్టేడు. కొంచెం పోపు కూడా వేయాల్సింది." కుంకుడు నీళ్ల మాట ఎవరన్నారో ఆయనకు గుర్తులేదట. నగను నేను ఒక్కసారే ఉడికించాను, నన్ను వాళ్లు భోజనాల వేళదాకా ఉడికించారు. ఏం చెప్పినా నగుబాటే కనక నవ్వుతూ నిలబడ్డాను. మా ఆవిడ నవ్వలేదు.

విస్తళ్ల ముందు కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర వడ్డిస్తోంది. అన్నయ్య కుడిచెయ్యి విస్తట్లో పెట్టబోయాడు. నేను ఆయన చెవి దగ్గరకు వంగి, చాలా బాధగా చెప్పాను.

"అన్నయ్యా, ఆ ఉంగరం జాగ్రత్త. తడి తగిలితే రాయి వెనక రేకు చచ్చిపోతుందని కంసాలి చెప్పాడు. నా తప్పు మీరు చేయకండి."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తీద్దామని చూశాడు, ఆ వేలికి అది ఏళ్ల క్రితమే బిగుసుకుపోయింది. చివరికి కుడిచెయ్యి ఆశీర్వదిస్తున్నట్టు పైకెత్తుకుని, ఎడంచేత్తో చెంచా పట్టుకుని పప్పూ, పులిహోరా, సాంబారూ కానిచ్చాడు. ఫొటోలవాడు రెండుసార్లు తీశాడు.

మా ఆవిడ కంసాలి మాటలన్నీ నా పక్కనుండి విన్నదే. పులిహోర గిన్నెతో వెనక్కి తిరిగొచ్చి, నేనడక్కుండానే నా విస్తట్లో ఇంకో గరిటె వేసి వెళ్లింది.